లండన్ దొర ఊపిరి

సిస్టర్ కృపమ్మకు ఇంగ్లీషు రాదని కనిపెట్టడానికి ఆసుపత్రివాళ్ళకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. అంతవరకూ ఆ సంగతి ఆమెకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు, రోగులకు అసలే తెలియదు. నంద్యాల దగ్గర మిషన్ కాంపౌండులో పుట్టి, నర్సు చదువు పూర్తిచేసి, ఐజాక్‌ను పెళ్ళాడి బెంగుళూరు చేరిన నాటినుంచీ ఆమె మగవాళ్ళ మెడికల్ వార్డులోనే పనిచేస్తోంది. తెలుగువాడొస్తే తెలుగులో, కన్నడమాయనైతే కన్నడంలో, తమిళమో ఉర్దూనో అయితే వచ్చినకాడికి మాట్లాడేది. మాటే రానంత ఆయాసంతో వచ్చినవాడైతే మంచం పక్కన నిలబడి రెండు నిమిషాలు ఊరకే వినేది. ఆ ఊపిరి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ గీరుకుంటోందో విని, డాక్టరు వచ్చేలోపల తలకింద దిండ్లు ఎత్తుపెట్టి, కావలసిన మందు చేతికందేలా ఉంచేది. ఇదంతా వినడం కిందికి రాదని 1981 డిసెంబరులో తేలింది.

తేల్చినవాడు కొత్తగా వచ్చిన అడ్మినిస్ట్రేటరు. విదేశాలనుంచి విరాళాలు పంపే మిషన్ పెద్దలు ఏడాదికొకసారి వార్డులు చూడటానికి వస్తారట. వాళ్ళతో ఇన్‌చార్జి సిస్టర్లు చక్కగా సంభాషించాలట, శ్రద్ధగా ఆలకించాలట. కాబట్టి ఇన్‌చార్జి పదవి కోరేవాళ్ళు సంభాషణ, ఆలకింపు అనే రెండు విద్యల్లోనూ నెగ్గినట్టు ఏదైనా స్పోకెన్ ఇంగ్లీషు సంస్థనుంచి సర్టిఫికెట్ తెచ్చి, మార్చి ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఐదు గంటల లోపల ఆఫీసులో ఇవ్వాలని సర్క్యులరు వేశాడు. రోగులతో సంభాషించడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. రోగులు ఏడాది పొడుగునా వచ్చేవాళ్ళే కదా, వాళ్ళకంత మర్యాద దేనికి?

మెడికల్ వార్డు పాత ఇన్‌చార్జి రిటైరై రెండేళ్ళయింది. అప్పటినుంచీ ఆ పనంతా కృపమ్మే చేస్తోంది. మందుల బీరువా తాళాలు ఆమె దగ్గరే, డ్యూటీల చీటీ వేసేది ఆమే, డాక్టర్ల చేత తిట్లు తినేది కూడా ఆమే. పేరొక్కటే లేదు. ఆ పేరు కోసం ఆమె రెండేళ్ళుగా నోరు విప్పకుండా ఎదురుచూస్తోంది. ఆశ లేనట్టు నటించేది కానీ, ఇన్‌చార్జి సిస్టర్లు పెట్టుకునే నీలం రంగు బెల్టు ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున కొని దాచుకుంది. ఇప్పుడు సర్టిఫికెట్ తేకపోతే ఆ పదవి రాచెల్‌కు పోతుంది. రాచెల్ ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. కాన్వెంటులో చదువుకున్న పిల్ల, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది, మనసు కూడా మంచిదే. మనసు మంచిది కాకపోయుంటే కృపమ్మకు కనీసం తిట్టుకునే సుఖమైనా దక్కేది.

"నీకు ఇంగ్లీసు రాకపోయేదేంది?" అన్నాడు ఐజాక్, సర్క్యులరు సంగతి విని. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. యలహంక పాతూళ్ళో కాపురం. "నిద్దట్లో కూడా టర్న్ దిస్ సైడ్ అంటాండావు గదా. నేను తిరుక్కుంటానే ఉండా."

"అది ఇంగ్లీసు కాదంట. వార్డు మాటంట."

"అయితే వాళ్ళొచ్చి ఇంగ్లీసులో మంచాన పడుకోమను, చూస్తాం."

అలా అన్నాడే గానీ మర్నాడే ఫ్యాక్టరీలో పదిమందినీ అడిగి సంస్థను వెతికిపెట్టినవాడూ ఆయనే. అవెన్యూ రోడ్డు పక్క సందులో, పాత్రల కొట్టు పైన, ఇరవై రెండు మెట్లెక్కితే 'రాయల్ థేమ్స్ స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్' అని బోర్డు. వారానికి మూడు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా క్లాసు. పొద్దుటి డ్యూటీ దిగి, అన్నం నాలుగు ముద్దలు మింగి, కృపమ్మ తెల్ల చీరలోనే అక్కడికి వెళ్ళేది.

సంస్థకు యజమాని, ప్రిన్సిపాలు, ఉపాధ్యాయుడు, అన్నీ ప్రొఫెసర్ గిరి ఒక్కరే. యాభై దాటిన మనిషి. ఎండయినా వానయినా కోటు, టై. మాట్లాడేటప్పుడు ఒక కనుబొమ పైకి పోయేది, అది లండన్ పద్ధతట. తెలుగు, కన్నడం క్లాసులోకి రాకూడదని ఆయన కట్టడి. పొరపాటున ఎవరి నోటినుంచైనా 'అయ్యో' అని వస్తే లేచి నిలబడాలి. మూడు నెలల్లో కృపమ్మ కూర్చున్నదాని కంటే నిలబడిందే ఎక్కువ. వార్డులోనూ నిలబడే పనే కాబట్టి ఆమెకు పెద్ద తేడా తెలియలేదు.

సంభాషణకు జతలు వేసినప్పుడు ఆమె పక్కన పడినవాడు అంజినప్ప. దొడ్డబళ్ళాపురంలో పట్టు మగ్గాలున్న ఆసామి. పై దేశాల కొనుగోలుదారులతో మాట్లాడాలని ఇంగ్లీషు పుచ్చుకుంటున్నాడు. మొదటి వారంలోనే, మెట్లు దిగాక, గొంతు తగ్గించి చెప్పాడు.

"అక్కా, ఈ గిరి గిరి అంటాడే, ఈయన పేరు వెంకటగిరియప్ప. మా ఊరి పక్కోడే. వాళ్ళ నాయన మా తాత మగ్గంలో నేసేవాడు. ఇంట్లో మనట్లనే తెలుగు. ఇప్పుడు నన్ను చూస్తే పరిచయమే లేనట్ల మూతి తిప్పుకుంటాడు."

"నేసేవాళ్ళైతే తప్పేముందన్నా?"

"నాకేం తప్పు లేదక్కా. ఆయనకే స్వల్ప కష్టంగా ఉండాది."

క్లాసులో అంజినప్ప దుకాణదారుడు, కృపమ్మ సరుకు కొనే ఆమె. అతను లండన్ కసాయి, ఆమె మటన్ కొనే దొరసాని. అతను స్టేషన్ మాస్టరు, ఆమె గొడుగు పోగొట్టుకున్న ప్రయాణికురాలు. పుట్టాక ఒక్క గొడుగు కూడా పోగొట్టుకోని మనిషి వారం రోజులు దాని కోసం ఇంగ్లీషులో వెతికింది. ప్రతి సంభాషణకూ ముందు వాతావరణం గురించి రెండు మాటలు, తర్వాత కుశల ప్రశ్న. ఎదుటివాడు ఎలా ఉన్నారని అడిగితే చాలా బాగున్నాను, థాంక్యూ అనాలి. అంతకు మించి ఒక్క మాట చెప్పకూడదు.

ఇక్కడే కృపమ్మకు చిక్కొచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పొద్దున్నే ముప్పై మంచాల దగ్గర అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. జవాబు కోసమే అడిగేది. రాత్రి దగ్గు తగ్గిందా, మూత్రం వచ్చిందా, అన్నం దిగిందా అన్నీ ఆ జవాబులోనే ఉంటాయి. "సార్, అతనికి నిజంగా బాగాలేకపోతే?" అని ఒకరోజు వచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

ప్రొఫెసర్ గిరి కనుబొమ ఎత్తాడు. బాగాలేకపోయినా బాగున్నాననే అంటాడు, జెంటిల్మన్ అయితే తన బాధ ఎదుటివాడి మీద రుద్దడు, అదే నాగరికత అని వివరించాడు. వివరించడానికి చాలాసేపు పట్టింది. నాలుగు మాటలకోసారి ఆగి కిటికీ వైపు తిరిగి, బయట ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. కిటికీ బయట పాత్రల కొట్టువాడి రేకుల కప్పు తప్ప చూడటానికేమీ లేదు. క్లాసులో పద్నాలుగు మంది నాగరికత గురించి నోట్సు రాసుకున్నారు. కృపమ్మ మాత్రం చేతి గడియారం చూసుకుంటూ ఆయన ఊపిరులు లెక్కపెట్టింది. నిమిషానికి ఇరవై ఎనిమిది వచ్చాయి.

శుక్రవారాలు ఆలకింపు క్లాసు. అదే ఆ సంస్థకు కిరీటం. బల్ల మీద టేప్ రికార్డరు పెట్టి, దానిమీద కుట్టుపని చేసిన గుడ్డ తీసి, లండన్ నుంచి వారానికొకటిగా ప్రత్యేకంగా తెప్పించిన టేపులు వేసేవాడు. ఒక లండన్ దొర తన ఇల్లు, తోట, కుక్క, అత్తగారు, సముద్రం ఒడ్డున గడిపిన సెలవులు వీటి గురించి చెబుతాడు. విని, ప్రొఫెసర్ అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. దొర ముక్కుతో మాట్లాడేవాడు. సగం మాటలు పళ్ళ మధ్యే ఉండిపోయేవి. వినేవాళ్ళందరూ ముఖాలు చిట్లించుకుని, కుక్క పేరు పట్టుకోవడానికి చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళు.

నాలుగో టేపులో దొర వసంత రుతువును వర్ణిస్తుండగా, దూరంగా, చాలా సన్నగా, ఒక ఆడమనిషి "సొప్పు... సొప్పో..." అని ఆకుకూరలు అమ్ముకుంటూ పోయింది. వెనకే కాకి రెండుసార్లు అరిచింది.

అంజినప్ప కృపమ్మ వైపు చూశాడు. కృపమ్మ అంజినప్ప వైపు చూసింది. తక్కినవాళ్ళెవరూ తలెత్తలేదు, వాళ్ళు కుక్క కోసం వెతుకుతున్నారు.

"లండన్‌లో కూడా మన దంటుసొప్పు దొరుకుతాదే అక్కా!" అన్నాడు అంజినప్ప మెట్ల మీద, నవ్వు ఆపుకోలేక. "ఎంత మోసం చూడక్కా. కోటేసుకుని వంటింట్లో కూర్చుని టేపు పట్టినాడు మా వెంకటగిరియప్ప! ఈసారి క్లాసులో అడిగేస్తా."

"వద్దన్నా," అంది కృపమ్మ. ఆమెకు నవ్వు రాలేదు. ఆకుకూరల కేక కంటే ముందే తను ఇంకొకటి విన్నది. దొర ఒక్కో మాట చివర ఊపిరి లాక్కునేటప్పుడు లోపల చిన్న కూత వచ్చేది. ప్రొఫెసర్ గిరి కిటికీ వైపు తిరిగినప్పుడు వచ్చే కూతే అది. గొంతును లండన్ దాకా తీసుకుపోవచ్చు గానీ ఊపిరి ఎక్కడికి పోతుంది? మనిషి అబద్ధమాడాడన్న కోపం ఆమెకు రావలసింది, కానీ వచ్చింది భయం. నాలుగో టేపుకంటే ఐదో టేపులో కూత ఎక్కువైంది. ఆరో దాంట్లో దొర నాలుగు మాటలకే ఆగాడు. ఫిబ్రవరి చివర్లో ప్రొఫెసర్ బూట్లు మానేసి చెప్పులతో వచ్చాడు. పాదాలు ఉబ్బి, చెప్పు పట్టీ మాంసంలోకి దిగిపోయింది. తాను పడుకోవడమే మానేశాననీ, ఈజీచైరులో కూర్చుని తెల్లవార్లూ ఇంగ్లీషు గ్రంథాలు చదువుతున్నాననీ క్లాసులో గొప్పగా చెప్పుకున్నాడు. పడుకుంటే ఊపిరాడనివాళ్ళు ఎందుకు కూర్చుని నిద్రపోతారో కృపమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. గుండె అలసిపోయింది, ఒంట్లో నీరు చేరుతోంది. డాక్టరు దగ్గరికి పోకపోతే ఎక్కువ రోజులు లాగలేడు.

చెప్పాలని చూసింది. చూడలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. ఒక బుధవారం క్లాసు అయ్యాక బల్ల దగ్గరికి వెళ్ళి "సార్, మీ ఒంట్లో..." అని తెలుగులో మొదలుపెట్టింది. ఆయన వేలెత్తాడు. ఇంగ్లీషులో. పద్ధతిగా. ముందు అంతరాయానికి క్షమాపణ. తర్వాత వాతావరణం. ఆమె క్షమాపణ చెప్పుకుంది. సాయంత్రం చాలా బాగుందని ఒప్పుకుంది. ఆపైన గుండెలనిండా ఊపిరి తీసుకుని, ఆయన కళ్ళలోకి చూసి, మీరు ఎలా ఉన్నారు సార్ అని ఇంగ్లీషులో అడిగింది. ఆ ప్రశ్నను అంత నిజంగా ఆ గదిలో అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

"వెరీ వెల్, థాంక్యూ," అన్నాడు ప్రొఫెసర్ గిరి, రెండు మాటల మధ్య ఊపిరి పీల్చుకుని. ఆమె ఉచ్చారణ మెరుగైందని మెచ్చుకున్నాడు కూడా. అప్పటికి తర్వాతి క్లాసువాళ్ళు లోపలికి వచ్చేశారు.

ఇంటికొచ్చి ఐజాక్‌తో చెబితే ఆయన తల గోక్కున్నాడు.

"చూడు కృపా. నువ్వు పోయి మీకు గుండె జబ్బుండాది అంటే ఎట్ల తెలుసు అంటాడు. టేపులో విన్నానంటే, టేపులోది నేనని కనిపెట్టింది ఈమె అని కక్ష కడతాడు. సర్టిఫికెట్ ఇచ్చేది ఆయన. ముప్పై ఒకటో తేదీ పోనీ. ఒకటో తేదీ పొద్దున్నే పోయి చెప్పు, నేను కూడా వస్తా."

తెలివైన మాటే. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కృపమ్మ సరేనంది. ఆ సరే అన్నందుకు వారం రోజులు అన్నం సహించలేదు.

పరీక్ష మార్చి ఇరవై ఏడు, శనివారం. క్లాసులో వేసిన టేపుల జవాబులు అందరికీ తెలిసిపోయాయని ప్రొఫెసర్ గిరి ఆ వారమే లండన్ నుంచి కొత్త టేపు తెప్పించాడు. ప్రశ్నపత్రంలో ఆరు ప్రశ్నలు. దొర ఇంటి గేటు రంగేమిటి, రోజా మొక్కలెన్ని, కుక్క పేరేమిటి, ఇలాంటివి ఐదు. ఆరోది, మీరు విన్నదాన్ని వినని వ్యక్తికి అర్థమయ్యేలా సొంత మాటల్లో రాయండి. టేపు ఒకేసారి వేస్తారు. తర్వాత ఇరవై నిమిషాలు.

టేపు తిరిగింది. దొర రెండు మాటలు చెప్పి ఆగాడు. మళ్ళీ రెండు మాటలు. గేటు అన్నాడు, ఆగాడు, రంగు చెప్పాడు. రోజాల దగ్గర దగ్గు వచ్చింది. పొడి దగ్గు కాదు, అడుగున తడి ఉంది. దగ్గు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టేలోపల టేపులో చాలాసేపు నిశ్శబ్దం. బల్ల వెనక ప్రొఫెసర్ గిరి రెండు చేతులూ కుర్చీకి ఆనించి, భుజాలు పైకి లాక్కుని కూర్చున్నాడు. పెదవులకు నీలం వచ్చింది.

కృపమ్మకు గేటు రంగు తెలుసు. రోజాలు, కుక్క, అత్తగారు వచ్చిన రైలు, అన్నీ తెలుసు. పెన్ను తీసి మొదటి ప్రశ్న దగ్గర పెట్టింది. అయితే వార్డులో ఎవరైనా అలా ఉంటే ముందు గేటు రంగు రాసే నర్సు ఉంటుందా? రిపోర్టు పుస్తకంలో ప్రమాదంలో ఉన్న మంచం ముందు, తక్కినవి తర్వాత. పద్దెనిమిదేళ్ళ అలవాటు చేతిది. ఆమెను అడక్కుండానే ఆ చేయి ఆరో ప్రశ్న దగ్గరికి పోయింది.

రాయడం మొదలుపెట్టాక ఇంగ్లీషు ఎక్కడా అడ్డం రాలేదు. మాట్లాడటానికి రాని భాష ఆమెకు రాయడానికి ఎప్పుడూ వచ్చు, రోజూ రాసేదే. మగ రోగి, వయసు యాభై దాటింది. రెండు మాటలకు మించి ఒక ఊపిరిలో చెప్పలేకపోతున్నాడు. ఊపిరి చివర కూత. తడి దగ్గు. నెలరోజులుగా పెరుగుతోంది. పడుకోలేడు, కుర్చీలో నిద్ర. రెండు పాదాలూ వాచాయి. పెదవులు నీలం. డాక్టరుకు వెంటనే తెలియజేయాలి. కింద తారీఖు, టైము కూడా వేసింది. తల ఎత్తేసరికి గంట కొట్టారు. పై ఐదు ప్రశ్నలూ తెల్లగా ఉన్నాయి.

మెట్లు దిగుతుంటే అంజినప్ప "గేటు పచ్చదే కదక్కా?" అని అడిగాడు. అవునంది. అప్పుడు తెలిసింది ఆమెకు తానేం చేసిందో. పాత్రల కొట్టు ముందు ఇత్తడి బిందెల మధ్య నిలబడి ఏడ్చింది.

ఆదివారం ప్రొఫెసర్ గిరి పేపర్లు దిద్దాడు. ఆమె పేపరు చేతికి రాగానే ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఎర్ర ఇంకుతో రెండుచోట్ల మాటలు దిద్దిన మాట మాత్రం నిజం. చావుబతుకుల సంగతైనా భాష భాషే కదా. దిద్దాక ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని, భార్య జయమ్మను తోడు తీసుకుని వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ డాక్టరు పేపరు చదివి, పరీక్ష చేసి, ఆ పేపరుకే తన చీటీ గుచ్చి కృపమ్మ పనిచేసే ఆసుపత్రికే పంపాడు. సోమవారం పొద్దున ప్రొఫెసర్ గిరిని కుర్చీలో మోసుకొచ్చి మెడికల్ వార్డు తొమ్మిదో మంచం మీద కూర్చోబెట్టారు. కేసు షీటు పైన కృపమ్మ జవాబు పత్రం.

"ఎవరు రాశారిది?" అన్నాడు డాక్టరు. "ఇందులో నేను కొత్తగా కనిపెట్టేందుకేమీ మిగల్చలేదే."

కృపమ్మ మందుల బీరువా వైపు నడిచింది. నీరు దిగే సూది మందు తెచ్చి, తలవైపు మంచం ఎత్తింది. రోగి మాట్లాడకూడదని, కదలకూడదని డాక్టరు రాశాడు. సంభాషణ ప్రొఫెసరుకు సంభాషణ నిషేధించారు.

బుధవారం ముప్పై ఒకటి. ఆ రోజు ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. నాలుగు గంటలకు అంజినప్ప చంకలో సర్టిఫికెట్ల పుస్తకం పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. సంస్థ తాళం జయమ్మ దగ్గర తీసుకుని, పుస్తకం వెతికి, కృపమ్మ పేరు తనే గుండ్రంగా రాసి, ముద్ర కూడా వేసి తెచ్చాడు.

"ఒక్క సంతకం అక్కా. గీత గీసినా చాలు. ఆఫీసు కిందనే కదా, నేనే పరిగెత్తి ఇచ్చొస్తా."

తొమ్మిదో మంచం మీద ప్రొఫెసర్ గిరి నిద్రపోతున్నాడు. ఒంట్లో నీరు దిగి, నెల తర్వాత మొదటిసారి ఒక్క దిండు మీద వెన్ను వాల్చి, పడుకుని నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుంది, మెడమీద టై లేదు. ఊపిరి నిమిషానికి పద్దెనిమిది.

"లేపమ్మా," అంది జయమ్మ మంచం అవతలినుంచి. "మీవల్లనే కదా ఈయన బతికింది. ఒక్క సంతకమే, మళ్ళీ పడుకుంటాడు."

కృపమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. చేయి రెండుసార్లు ఆయన భుజం దాకా పోయింది. రెండుసార్లూ వెనక్కి వచ్చింది. అలాంటి గుండెకు అలాంటి నిద్ర ఎన్ని సూదుల పెట్టో ఆమెకు తెలుసు. ఆ తెలివి ఆమెకు ఆ గంటసేపు శత్రువైంది. నాలుగున్నర అయింది. అంజినప్ప వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ఐదు కొట్టింది. ఐదున్నరకు ప్యూను రాచెల్ పేరున్న ఆర్డరు తెచ్చి గోడకు అంటించాడు. రాచెల్ వచ్చి ఆమె వెనక నిలబడింది.

"నేనడగలేదక్కా."

"తెలుసు లేవే. పో, పన్నెండో మంచానికి సూది టైమయింది."

ఆరు దాటాక ప్రొఫెసర్ గిరి కళ్ళు తెరిచాడు. లాకరు మీద పుస్తకం చూశాడు, దాని పక్కన తన ముద్ర చూశాడు, గోడ గడియారం చూశాడు. అర్థమైంది. నోటినుంచి మొదటిసారి తెలుగు వచ్చింది.

"నన్నెందుకు లేపలేదమ్మా?"

"లేపుంటే సంతకం పెట్టేవాళ్ళు. నాకు తెలుసు సార్," అంది కృపమ్మ. "గంటసేపు ఈ స్టూలు మీదనే ఉండా. చెయ్యి రాలేదు. నాకు ఆ పోస్టు మీద శానా ఆశ ఉండె. పద్దెనిమిదేండ్లు సార్. నాకిప్పుడు కోపంగా ఉండాది. మీమీద ఉండాది, నామీద ఉండాది, ఆ సర్క్యులరు వేసినోడి మీద ఉండాది."

"మరి ఐదు ప్రశ్నలు... ఖాళీగా పెడితివి కదమ్మా," అన్నాడు ఆయన, బాధగానే. "గేటు రంగన్నా... రాసుంటే..."

"పచ్చ సార్! పచ్చ గేటు, పద్నాలుగు రోజా చెట్లు, కుక్క పేరు రోవరు, అత్త వచ్చింది తొమ్మిదిన్నర రైలుకు. అన్నీ విన్నా. మీ ఇంటిముందర సొప్పు అమ్మే ఆమెను విన్నా. ఒంట్లో బాగలేదని చెప్పల్లని నేను మీ బల్ల కాడికొస్తే మీరు ఒక్క మాట విన్నారా? ఎంతసేపూ వాతావరణం చెప్పు, వాతావరణం చెప్పు అంటిరి."

జయమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రొఫెసర్ గిరి ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి దిండు మీదినుంచి తల ఎత్తాడు. కృపమ్మ రెండు వేళ్ళతో ఆ తలను మెల్లగా వెనక్కి వాల్చింది.

"మాట్లాడగూడదు. డాక్టరు రాసినాడు. ఊరకే వినండి."

ఆయన తల వాల్చి, ఆమె ముఖం వైపే చూస్తూ పడుకున్నాడు. కృపమ్మ స్టూలును మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.